చిన్న సామాన్లకు గట్టి డబ్బా కావాలి: బండల మీద పడినా పగలకూడదు, మడుగులో మునిగినా లోపల తడవకూడదు

అలిపిరి_అడుగు

అందరికీ నమస్తే. వానలు తగ్గాక నాగలాపురం వైపు, ఆ తర్వాత ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం ముక్కోటికి వెళ్లాలని మా గ్యాంగు ప్లాన్. రెండు చోట్లా నీళ్లలో దిగక తప్పదు. బట్టలకు డ్రై బ్యాగ్ ఉంది, దాని గురించి బెంగ లేదు. నా టెన్షనంతా చిల్లర సామాన్ల గురించే: హెడ్‌ల్యాంపు, దాని సెల్లులు, బండి తాళం, నాన్న బీపీ మాత్రలు, బ్యాండేజీలు, చిన్న పవర్ బ్యాంకు.

పోయినసారి వంటింట్లోంచి నాలుగు పక్కలా క్లిప్పులుండే డబ్బా పట్టుకెళ్లాను. దారిలో అంతా బాగానే ఉన్నట్టనిపించింది. ఇంటికొచ్చి తెరిస్తే మాత్రల స్ట్రిప్పు కింద స్పూనుడు నీళ్లు. క్లిప్పులు నాలుగూ వేసే ఉన్నాయి. ఒక క్లిప్పు మడత దగ్గర మాత్రం సన్నగా తెల్ల గీత పడి ఉంది.

అరచేతిలో పట్టేది ఒకటి, టిఫిన్ బాక్సంతది ఒకటి చాలు. మొత్తం పదిహేను వందలు దాటకూడదు. ఆన్‌లైన్‌లో ఫోటో చూసి కొనడం కన్నా తిరుపతిలోనో చిత్తూరులోనో చేత్తో పట్టుకుని చూసి కొనడమే నాకిష్టం. ఎవరు ఏది వాడుతున్నారో చెప్పండి.

మదనపల్లె_టమాటా

పాత హార్లిక్స్ గాజు సీసా. మా అమ్మ ముప్పై ఏళ్లుగా ఆవకాయ పెడుతోంది, చీమ కూడా దూరలేదు.

పుత్తూరోడు

బండల మీద జారే చోటికి గాజు సీసానా సామీ? సీసా పగిలితే పగిలింది, ఆ పెంకులు ఎవరి కాల్లో దిగాలి? విరిగిన ఎముకకు మా ఊళ్లో కట్టు కడతారు గానీ తెగిన కాలికి కాదు.

కోనల్లో

ఆ తెల్ల గీతలోనే సగం సంగతి ఉంది. ఈ క్లిప్పు డబ్బాలు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. అడుగున తిరగేసి చూడండి, త్రికోణంలో 5 అంకె ఉంటుంది. మడత పడే చోట ప్లాస్టిక్ కావాలనే పల్చగా పోస్తారు. వంటింటి అలమరలో రోజుకోసారి తీసే డబ్బాకు అది చాలు. బండి మీద ఎండలో తిప్పుతూ ఉంటే పెళుసెక్కి తెల్లబడుతుంది, ఇంకొన్నాళ్లకు ఊడి చేతికొస్తుంది. ఒక్క క్లిప్పు వదులైనా సరే, మిగతా మూడూ ఎంత బిగువుగా ఉన్నా ఆ పక్క రబ్బరు నొక్కుకోదు.

కానీ క్లిప్పు ఒక్కటే కారణం అయ్యుండదు. కొండ ఎక్కేటప్పుడు బ్యాగు ఎండలో ఉంది, డబ్బాలో గాలి 50 డిగ్రీలకు వేడెక్కిందనుకోండి. అదే ఊపులో 25 డిగ్రీల మడుగులోకి దిగారు. లోపలి గాలి చల్లబడగానే దాని ఒత్తిడి దాదాపు 8 శాతం తగ్గిపోతుంది. నీటి లెక్కలో చెప్పాలంటే డబ్బాను 80 సెంటీమీటర్ల లోతున ముంచినంత. అంటే మీ డబ్బా పైన తేలుతున్నా సరే, రబ్బరులో ఎక్కడ సందు దొరికితే అక్కడ నుంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. వేడి మీద మూత బిగించి వెంటనే చల్లనీళ్లలో దిగడం కన్నా చెడ్డ పని లేదు. మడుగు దగ్గరికి రాగానే నీడలో కాసేపు పెట్టి, మూత ఒకసారి తీసి మళ్లీ బిగించి దిగండి. నాసిరకం డబ్బా కూడా దీంతో సగం గండం గట్టెక్కుతుంది.

ఇంకోటి, వీలైతే చతురస్రం వద్దు. గుండ్రటి మూతను తిప్పి బిగిస్తే రబ్బరు చుట్టూ ఒకేలా నొక్కుకుంటుంది. నాలుగు పలకల మూతలో మూలలు ఎప్పుడూ బలహీనమే.

అలిపిరి_అడుగు

థాంక్స్ అన్నా. అవును, ఆ రోజు బ్యాగును బండ మీద ఎండలోనే పెట్టి టిఫిన్ తిన్నాం. కొత్తది కొనేటప్పుడు అది నిజంగా నీళ్లు పట్టదని షాపులో ఎలా తెలుసుకోవాలి?

కోనల్లో

షాపులో అంతగా తెలియదు. మూత తీసి రబ్బరు చుట్టూ వేలితో రాసి చూడండి, అతుకు దగ్గర మెట్టులా తగిలితే వదిలేయండి. తర్వాత ఖాళీ డబ్బా మూత బిగించి చెవి దగ్గర పెట్టుకుని రెండు చేతులా గట్టిగా నొక్కండి. బుస్సుమంటే అది పప్పుల డబ్బా, అడవికి పనికిరాదు.

అసలు పరీక్ష ఇంట్లోనే. మామూలు గదిలో మూత బిగించి, స్నానానికి తోడుకునేంత వేడి నీళ్ల బకెట్లో అడుగుకంటా ముంచి పట్టుకోండి. లోపలి గాలి వేడెక్కి బయటికి రావాలని చూస్తుంది. ఎక్కడ లోపముంటే అక్కడ నుంచి సన్నగా బుడగల వరస లేస్తుంది. మూత అంచుకు అంటుకున్న బుడగలను లెక్కలోకి తీసుకోకండి, అవి బయటి గాలే. ఒకే చోటు నుంచి ఆగకుండా వస్తేనే లీకు. బుడగలు రాకపోతే లోపల టిష్యూ పేపరు, ఒక రాయి వేసి చల్లనీళ్లలో రాత్రంతా వదిలేయండి. పొద్దున టిష్యూ గరగరలాడాలి.

ల్యాబ్_కోటు

గుండ్రటి మూత విషయంలో నాదీ అన్న మాటే. నేను ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి నా కళ్లు అటే పోతాయి. రుయా ఆసుపత్రి, మెడికల్ కాలేజీ చుట్టుపక్కల సర్జికల్ షాపులు, ల్యాబ్ సామాన్ల షాపులు ఉన్నాయి కదా, అక్కడికి వెళ్లి వెడల్పు మూతి రీఏజెంట్ బాటిల్ (ల్యాబ్‌లో రసాయనాలు పోసే సీసా) అడగండి. హెచ్‌డీపీఈ రకం ప్లాస్టిక్, అడుగున 2 అంకె ఉంటుంది, పాల రంగులో మసకగా కనిపిస్తుంది. టార్సన్స్ అని కోల్‌కతా కంపెనీ, ఇంకా చాలా కంపెనీలు మన దగ్గరే చేస్తున్నాయి. చిన్న సైజులైతే వంద లోపే దొరుకుతాయి.

వీటిలో నాకు నచ్చేదేంటంటే, మంచి రకాల్లో విడిగా రబ్బరు రింగే ఉండదు. మూత లోపల ఒక ప్లాస్టిక్ అంచు సీసా మూతిలోకి బిరడాలా దిగుతుంది. రింగు ఊడిపోవడం, ఉబ్బడం, తిరగబడడం ఏమీ ఉండవు. ఎత్తు నుంచి పడినా సొట్ట పడుతుందేమో గానీ పగలదు. ట్రెక్కింగ్ వాళ్లంతా మోసే నాల్జీన్ సీసాలు కూడా ఇలా ల్యాబ్ నుంచి కొండెక్కినవే. ఆ కంపెనీ 1949లో అమెరికాలోని రోచెస్టర్‌లో మొదలైంది, మొదట చేసింది ల్యాబ్ సామాన్లే.

సెల్లులకు 50 ఎంఎల్ సెంట్రిఫ్యూజ్ ట్యూబు, అంటే ల్యాబ్‌లో శాంపిళ్లు తిప్పే మిషన్‌లో పెట్టే ప్లాస్టిక్ గొట్టం చూడండి. స్క్రూ మూత, అడుగు కోసుగా ఉంటుంది. ట్రిపుల్ ఏ సెల్లులు మూడేసి చొప్పున రెండు వరసల్లో ఆరు పడతాయి. అడుగున కాస్త దూది కుక్కితే లొడలొడ ఉండదు. బ్యాగు పక్క జేబులో పెన్నులా నిలబడుతుంది.

మాత్రలకు యూరిన్ శాంపిల్ డబ్బీ. నవ్వకండి, కొత్తదే, సీలు వేసి ఉంటుంది. కారితే ల్యాబ్‌లో మేం ఊరుకుంటామా? అందుకే మూత బాగా బిగుస్తుంది, ధర కాఫీ కన్నా తక్కువ. నీళ్లలో ఎక్కువసేపు మునిగి ఉండడానికి మాత్రం కాదు, పెద్ద డబ్బాలో లోపలి డబ్బాగా వాడండి. మాత్రలను స్ట్రిప్పులోంచి తీసి వెయ్యొద్దు, స్ట్రిప్పునే కత్తెరతో ముక్కలు చేసి వెయ్యండి. మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క పారేయకండి, దారిలో డాక్టరు అడిగితే అదే ఆధారం.

మదనపల్లె_టమాటా

అక్కా, ఆ డబ్బీలో గ్లూకోజ్ పొడి పోసుకుని కొండెక్కితే పక్కనోళ్లు నన్ను ఎలా చూస్తారో కాస్త ఊహించు.

ల్యాబ్_కోటు

పసుపు రంగు ఎలక్ట్రాల్ మాత్రం కలపకు తమ్ముడూ, అంతే.

చిత్తూరు_షట్టర్

కెమెరా వాళ్ల తరఫున ఒక మాట. పవర్ బ్యాంకు, మెమరీ కార్డులు, ఫోను లాంటి వాటికి ఒక అసలైన గట్టి బాక్సు ఉండాలి. పెలికన్ మైక్రో కేసులు ఈ పనికే చేసినవి. లోపలి రబ్బరు తొడుగే మూత దగ్గర సీలుగా కూడా పనిచేస్తుంది కాబట్టి దెబ్బా ఆపుతుంది, నీళ్లూ ఆపుతుంది. ఒక చిన్న వాల్వ్ కూడా ఉంటుంది, గాలిని పోనిచ్చి నీటిని ఆపుతుంది. మన దగ్గర ఆ వాల్వ్ ఎందుకంటారా? తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తులో ఉంటే తిరుమల 850 మీటర్ల దగ్గర. గాలి ఒత్తిడిలో తేడా ఏడెనిమిది శాతం. కింద కొన్న చిప్స్ ప్యాకెట్ పైకెళ్లేసరికి ఉబ్బేది అందుకే. పైన బిగించిన మంచి డబ్బా కిందికొచ్చాక మూత రాక చస్తాం, అదీ అందుకే. కోనల్లో అన్న చెప్పిన వేడి, చల్లదనం తేడాను కూడా ఈ వాల్వే సరిచేస్తుంది.

అయితే అసలు పెలికన్ కొంటే మీ బడ్జెట్‌కు ఇక వేరే ఏమీ మిగలదు. అదే అచ్చులో వచ్చే చౌక బాక్సులూ ఉన్నాయి. వాటి మీద ఐపీ67 అని రాసి ఉంటే వెంటనే పొంగిపోకండి. 6 అంటే దుమ్ము దూరదు, 7 అంటే 1 మీటరు లోతులో 30 నిమిషాలు ఉన్నా పాడయ్యేంత నీరు లోపలికి పోదు. ఆ పరీక్ష చేసేది కదలని మంచినీళ్లలో. బండ మీద పడితే ఏమవుతుందో ఆ అంకెలు చెప్పవు, రెండేళ్లు వాడిన రబ్బరు సంగతీ చెప్పవు. పైగా డబ్బా మీద ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. బకెట్ పరీక్ష దీనికీ తప్పదు.

కోనల్లో

షట్టర్ గారితో ఏకీభవిస్తాను గానీ చిన్న సవరణ. అంత ఖరీదైన బాక్సు కొని అందులో అన్నీ కుక్కితే, అది జారి మడుగులో పడ్డరోజు అన్నీ ఒకేసారి పోతాయి. నేను తాళం ఒక చోట, మందులు ఒక చోట, లైటు ఒక చోట పెట్టుకుంటాను. ఏది పోయినా మిగతా వాటితో ఇల్లు చేరొచ్చు. డబ్బాకు రెండు మూరల నైలాన్ తాడు కట్టి కొసను బ్యాగు పట్టీకి ముడేయండి. లీటరు డబ్బాలో సామానుతో కలిపి కిలో లోపే ఉంటే ఎలాగూ తేలుతుంది, కానీ నాగలాపురం మడుగుల్లో తేలేదాని వెనక ఈదడం కన్నా తాడు లాగడం సుఖం. రంగు నారింజో పసుపో అయితే మంచిది, నల్లటిది బండల మధ్య కనబడదు.

రైన్‌కోట్

డబ్బాలో గుప్పెడు బియ్యం పోసి పెట్టండి, తేమంతా పీల్చేస్తుంది. మా ఇంట్లో ఉప్పు డబ్బాలో అదే వేస్తాం.

మిల్లుబాబు

క్షమించాలి, బియ్యం మా కడుపు కూడు కాబట్టి చెప్పకుండా ఉండలేను. మిల్లు నుంచి బస్తాలోకి వెళ్లే బియ్యంలోనే పదమూడు, పద్నాలుగు శాతం తేమ ఉంటుంది.  అలాంటి బియ్యాన్ని ఎండలో వేడెక్కే డబ్బాలో పోస్తే అది తేమ పీల్చడం అటుంచి, వదిలినా వదులుతుంది. తవుడు పొడి ఊరికే వస్తుందా, ఛార్జింగ్ కన్నంలోకి దూరుతుంది.

రైన్‌కోట్

మరి ఫోను తడిస్తే అందరూ బియ్యంలోనే పెడతారు కదా సార్?

మిల్లుబాబు

పెడతారు. రెండు రోజులు బల్ల మీద పెట్టినా ఆరేదే.

చిత్తూరు_షట్టర్

తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు వాడండి. నీలం రకం తడిస్తే గులాబీ రంగుకు వస్తుంది, అందులో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది మంచిది కాదు, పిల్లలున్న ఇంట్లో వద్దు. నారింజ రంగుది తీసుకోండి, నిండాక ఆకుపచ్చగా మారుతుంది. ఓవెన్‌లో 110, 120 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు పెడితే మళ్లీ పనికొస్తుంది. వంటకు వాడే మూకుడులో మాత్రం వేయించకండి.

అసలు లెక్క ఒకటి చెప్తాను. నవంబరు ముసురులో 30 డిగ్రీల దగ్గర గాలి పూర్తిగా తేమతో నిండినా, లీటరు గాలిలో ఉండే నీరు 30 మిల్లీగ్రాములు. అంటే ఒక చుక్క కూడా కాదు. డబ్బాలో ఆవిరి పట్టిందంటే అది లోపలి గాలి వల్ల కాదు, మీరు పెట్టిన తడి గుడ్డ వల్ల, చెమట చేత్తో పట్టుకున్న హెడ్‌ల్యాంపు పట్టీ వల్ల. ఆరబెట్టి పెడితే చిన్న జెల్ పొట్లం చాలు. తడిది పెట్టి గాలి చొరకుండా బిగిస్తే డబ్బా ఎంత మంచిదైతే బూజు అంత బాగా పడుతుంది.

ల్యాబ్_కోటు

దీనికొక ఉచిత మార్గం ఉంది. షుగరు చూసుకునే స్ట్రిప్పులు ఒక చిన్న డబ్బీలో వస్తాయి కదా, బొటనవేలితో టక్కున తెరుచుకునేది. ఆ డబ్బీలోనే తేమ పీల్చే పదార్థం పెట్టి ఉంటుంది, చాలా వాటిలో లోపలి గోడంతా అదే. మూత కూడా గట్టిగా పడుతుంది. ఇంట్లో షుగరు ఉన్నవాళ్లు ఒకరు లేని ఇల్లు తిరుపతిలో ఉందా? ఖాళీ అయ్యాక పైనున్న కాగితం పీకేసి మెమరీ కార్డులు, సూదీ దారం, బటన్ సెల్లులు వేసుకోండి. గాలి తగిలే కొద్దీ పీల్చే గుణం తగ్గిపోతుంది కాబట్టి మూత తీసి పెట్టకండి. లోపల ఏముందో పైన రాయండి.

బ్యాటరీబాబాయి

సెల్లుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. లిథియం సెల్లులు, ముఖ్యంగా 18650 రకం (టార్చిలైట్లలో వాడే లావు రీఛార్జి సెల్లు), విడిగా తాళాలతోనో చిల్లరతోనో కలిపి స్టీలు డబ్బాలో వెయ్యకండి. రెండు కొసలూ లోహానికి తగిలితే క్షణాల్లో కాలిపోయేంత వేడెక్కుతాయి. ఒక్కో సెల్లుకు విడిగా ప్లాస్టిక్ తొడుగు దొరుకుతుంది. ఇంకోటి, పాడైన లిథియం సెల్లు గ్యాసు వదులుతుంది. అది బయటికి పోయే దారి లేని ఇనప డబ్బాలో ఉంటే మీరు బాంబు మోస్తున్నట్టే. ఉబ్బిన పవర్ బ్యాంకును ఏ డబ్బాలోనూ పెట్టొద్దు, ఇంట్లో కూడా పెట్టొద్దు. మామూలు ఆల్కలైన్ సెల్లులు కూడా కొద్దిగా హైడ్రోజన్ వదులుతాయి, ఇంటికి రాగానే మూతలు తీసి ఆరబెట్టుకోండి.

పుత్తూరోడు

అన్నా, స్టీలు డబ్బాల సంగతి ఎవరూ చెప్పలేదు. గాంధీ రోడ్డులో ఇప్పుడు సిలికాన్ రింగుతో లీకు ప్రూఫ్ స్టీలు డబ్బాలు వస్తున్నాయి. కైలాసకోనకు నేను అదే తీసుకెళ్తాను. కోతి విసిరి కొట్టినా ఏమీ కాలేదు.

కోనల్లో

కోతి ఎందుకు విసిరిందో చెప్పు ముందు. లోపల వేరుశనగ ఉండలు ఉండుంటాయి.

పుత్తూరోడు

ఉన్నాయి.

కోనల్లో

మందుల డబ్బాలో తిండి పెట్టొద్దని ఇందుకే అంటాను. మూత బాగుంటే వాసన తక్కువే వస్తుంది గానీ కోతికి వాసనతో పనేముంది, డబ్బాను చూసినా చాలు, కవరు చప్పుడు విన్నా చాలు. శేషాచలంలో ఎలుగులు కూడా ఉన్నాయి, వాటి ముక్కు సంగతి చెప్పనక్కర్లేదు. తిండి వేరు, మందులు వేరు.

స్టీలుకు ఒకటే చిక్కు. అంచు మీద దెబ్బ తగిలి చిన్న సొట్ట పడితే రింగు అక్కడ కూర్చోదు. పక్కన సొట్ట పడితే ఏం కాదు. పడిన ప్రతిసారీ అంచు చుట్టూ వేలు పెట్టి చూసుకో. సిలికాన్ రింగుకు సిలికాన్ గ్రీజు రాయకు, ఉబ్బుతుంది. సబ్బుతో కడిగి ఆరబెట్టడమే దానికి వైద్యం. ఇసుక రేణువు, తల వెంట్రుక ఒక్కటి అడ్డం పడినా ఎంత ఖరీదు డబ్బా అయినా కారుతుంది. మూత పెట్టేముందు వేలితో ఒకసారి చుట్టూ తుడిచే అలవాటు చేసుకుంటే చాలు.

రైన్‌కోట్

తుంబురు తీర్థానికి అలిపిరి దాటే వెళ్లాలి కదా, చెకింగ్‌లో ఇవన్నీ పోనిస్తారా?

కోనల్లో

వాళ్లు ఆపేది ప్లాస్టిక్ నీళ్ల సీసాలు, అగ్గిపెట్టెలు, లైటర్లు, బీడీ సిగరెట్లు, మందు, మాంసం. అగ్గిపెట్టెకు గట్టి డబ్బా వెతికే పని మీకు ఎలాగూ లేదు, అడవిలో నిప్పు పెట్టకూడదు. పాలరంగు ల్యాబ్ సీసా నీళ్ల సీసాలా కనబడుతుంది, అడిగితే తెరిచి చూపించాలి, వాదన పెట్టుకోవద్దు. అక్కడికి స్టీలు డబ్బానే నయం. చాకు ఇంట్లోనే వదిలెయ్యండి.

అలిపిరి_అడుగు

ఇంతమంది ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం గాంధీ రోడ్డులో స్టీలు డబ్బా, రుయా దగ్గర అర లీటరు రీఏజెంట్ బాటిల్, రెండు ట్యూబులు తీసుకున్నా. రాత్రి వేడి నీళ్ల బకెట్లో అన్నీ ముంచాను. స్టీలు డబ్బాకు ఒకే చోట బుడగల వరస లేచింది. తీసి చూస్తే రింగు అక్కడ కాస్త మెలితిరిగి ఉంది. సరిచేసి మళ్లీ ముంచితే ఆగిపోయింది. రీఏజెంట్ బాటిల్ ఒక్క బుడగ వదల్లేదు. పాత క్లిప్పు డబ్బాను కూడా సరదాకి ముంచాను, ఆ తెల్ల గీత ఉన్న పక్కంతా పొంగినట్టు బుడగలు. అమ్మ దాన్ని చింతపండుకు తీసుకుంది.

ఒక్కటే మిగిలింది. బాటిల్ మూతి ఆరు సెంటీమీటర్లు కూడా లేదు, హెడ్‌ల్యాంపు పట్టీతో కలిపి దూరడం లేదు. పట్టీ విడదీసి పెట్టాలా, పెద్ద సైజు తెచ్చుకోవాలా?

ల్యాబ్_కోటు

పట్టీ తీసేయండి. గుడ్డ పట్టీ తడిస్తే ఆరుతుంది, దాన్ని డ్రై బ్యాగులో బట్టలతో పడేయొచ్చు. ల్యాంపు ఒక్కటే దూరిపోతుంది. పెద్ద సైజుకు వెళ్లినా మూతి అంత లెక్కగా పెరగదు, వెళ్లేముందు ల్యాంపు చేత్తో పట్టుకెళ్లి షాపులోనే దూర్చి చూడండి. బాటిల్ మారుస్తానంటే మూత లోపలి అంచు కూడా చూసుకోండి, అచ్చు పోసినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ పీచు ఉంటే ఇంకోటి ఇమ్మనండి. మూతలు ఒకదానిది ఒకదానికి మార్చి ఇచ్చేస్తుంటారు, ఏ సీసాది ఆ సీసాకే బిగించి చూసి తెచ్చుకోండి.